ఎవరి సాక్ష్యం వాళ్ళే చెప్పాలి

కె.పి.హెచ్.బి. కాలనీ, కూకట్‌పల్లి
జూన్, శుక్రవారం పొద్దున

ముద్దుల దీవెనా,

పై గిన్నెలో గోంగూర పచ్చడి, మధ్య గిన్నెలో చేపల పులుసు, కింద అన్నం. పులుసు నిన్నటిదే, మొహం చిట్లించకు. చేపల పులుసు మర్నాడే బాగుంటుంది. మీ బాబాయి లిఫ్టులు చూసుకునే బిల్డింగు హైటెక్ సిటీలోనే కాబట్టి ఇకమీదట ప్రతి శుక్రవారం రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర క్యారియర్ నీ చేతికిస్తారు. ఆఫీసు దిగి వచ్చి తీసుకుంటే నీ కాళ్ళేమీ అరిగిపోవు.

ఫోన్లుండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్ చేస్తే "బానే ఉన్నా పిన్నీ, మీటింగులో ఉన్నా పిన్నీ" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు. కాగితం మీద అలా జారుకోలేవు. పైగా మన ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు. ఆ హాస్టల్లో నీకు పొయ్యి లేదు కనుక జవాబు రాసి అందులో పెట్టు.

ఇంజనీరింగులో చేరినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉన్నావు. మార్చిలో "ఇంటర్వ్యూలకి దగ్గర" అని మణికొండకి మారిపోతే నమ్మినట్టు నటించాను. మీ బాబాయికి నటన రాదు. ఇప్పటికీ అన్నానికి మూడు కంచాలు పెడుతున్నారు.

మొన్న ఏలూరు నుంచి అక్క ఫోన్ చేసి నీకు ఉద్యోగం వచ్చిందంది. ఆ మాట నాకు మీ అమ్మ నోట తెలియాలా? నిజమైతే ఆదివారం చర్చికి రా. ప్రార్థన మనవుల జాబితాలో నీ పేరు ఇంకా ఉంది. దాన్ని రాసేదీ, మైకులో చదివేదీ నేనే కదా. నువ్వు లేచి నిలబడి, దేవుడు నీకు మేలు చేశాడని సాక్ష్యం చెబితే నా చేత్తో గీత కొట్టేస్తాను.

నీ మీద కోపం లేదు. కాస్త ఉంది, పులుసు తిన్నాక పోతుంది.

పిన్ని


మణికొండ
జూన్, తర్వాతి శుక్రవారం

పిన్నీ,

గిన్నెలు కడిగాను. పులుసు గిన్నె మాత్రం మా రూమ్‌మేట్ సంధ్య ముందే వేలితో కడిగేసింది. వాళ్ళది నల్గొండ. నాతోపాటు మా టీమ్‌లోనే టెస్టింగ్ చేస్తుంది. "మీ పిన్నిని జర అడుగవే, నన్ను గూడ పెంచుకుంటదేమో" అంటోంది.

ఉద్యోగం వచ్చిన మాట నిజమే. కానీ ఆరు నెలల కాంట్రాక్టు. మేం చేస్తున్న పని నిలబడితే పర్మనెంటు, లేకపోతే నవంబరు ఆఖరుకి ఇంటికి. అందుకే నీకు చెప్పలేదు.

ఫిబ్రవరి సంగతి నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. ఆఫర్ లెటర్ వచ్చిన ఆదివారం నేను జ్వరంతో పడుకుని ఉంటే, నువ్వు చర్చిలో లేచి నా తరఫున సాక్ష్యం చెప్పేశావు. చప్పట్లు, కేకు, నా పేరు మీద గీత. నేను చేరకముందే ఆ కంపెనీ వాళ్ళు ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. తర్వాతి ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "దీవెన ఉద్యోగం కోసం మళ్ళీ ప్రార్థించుదాం" అని మైకులో చదివావు. ఆ "మళ్ళీ" ఇంకా నా చెవుల్లోనే ఉంది. వాసంతి ఆంటీ నా చేయి పట్టుకుని "దేవుడు ఇంకా మంచిది దాచిపెట్టాడమ్మా" అంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మణికొండ రావడానికి అసలు కారణం అదేనని నీకూ తెలుసు.

అందుకని ఒట్టు వెయ్యి. ఈ ఉద్యోగం గట్టిపడేదాకా ఎవరికీ చెప్పకూడదు. అప్పటిదాకా నేను చర్చికి రాను. ఇంకోసారి మధ్యలో పోతే తట్టుకోలేను పిన్నీ.

పనేమిటంటావా? ప్రోగ్రాములు రాసిపెట్టే ఏఐ సహాయకుడు ఒకటుంది. మామూలు మాటల్లో చెబితే కోడ్ రాసేస్తుంది. తెలివైనదే. కానీ మాటలు మరీ ఎక్కువైతే పాతవి దాని తలలోంచి జారిపోతాయి. అప్పుడు కొత్తగా నిద్ర లేచినట్టు మొదలవుతుంది. పది పనులు చెబితే నాలుగు చేసి, మిగతావి గుర్తులేక "అంతా అయిపోయిందండి" అంటుంది. అందుకని దానికి మేం ఒక పనుల జాబితా ఇస్తున్నాం. తల ఖాళీ అయినా జాబితా పోదు. లేచిన ప్రతిసారీ ముందు దాన్ని చదువుకుని, మిగిలిన పని అందుకుంటుంది. అయినదాని పక్కన టిక్కు పెడుతుంది.

జాబితాకి భయపడి పారిపోయి వచ్చినదానికి జాబితా పనే దొరికింది. నవ్వుకో.

దీవెన


కె.పి.హెచ్.బి. కాలనీ
జులై

దీవెనా,

నవ్వుకున్నాను. మీ బాబాయికి చదివి వినిపించి ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన దగ్గర కూడా ఒట్టు వేయించాను, కాబట్టి అది లెక్కలోకి రాదు.

ఫిబ్రవరిలో తప్పు చేసింది ఆ కంపెనీ వాళ్ళు, నేను కాదు. నాకు సంతోషం వస్తే కూర్చోలేను. చిన్నప్పటి నుంచీ అంతే, మీ అమ్మనడుగు. నీ టెన్త్ మార్కులొచ్చిన రోజు బస్సులో పక్క సీటావిడకి కూడా చెప్పాను. ఆవిడ మన వాళ్ళేమీ కాదు.

నీ ఏఐకి నాకున్నట్టు తలనొప్పులు ఉన్నాయో లేదో కనుక్కో. భూలక్ష్మి గారి మోకాలి నొప్పి ఎప్పుడో తగ్గింది. కొండ మీద జరిగిన ప్రార్థన కూడికకి మెట్లెక్కి మరీ వెళ్ళొచ్చారు. సాక్ష్యం చెప్పండి, గీత కొట్టేస్తానంటే "మైకంటే నాకు దడండీ" అంటారు. ఎవరికి వాళ్ళే లేచి చెప్పందే కొట్టకూడదని మన చర్చిలో రూలు. దాంతో ఆవిడ మోకాలికి ఇంకా ప్రార్థన జరుగుతూనే ఉంది. ఈపాటికి ఇనుములా తయారై ఉంటుంది.

నీ పేరు కొట్టను, పైకి చదవను కూడా. అక్కడికి రాగానే మనసులో అనుకుని కింద పేరుకి దిగుతాను. సరేనా? సంధ్యకి వేరే డబ్బాలో అరిసెలు పెట్టాను. ఆ పిల్ల నిన్ను నవ్విస్తోంది, అది చాలు నాకు.

పిన్ని


మణికొండ
ఆగస్టు

పిన్నీ,

ఈ వారం పరువు పోయింది.

బస్సు టికెట్లు అమ్మే ఒక చిన్న కంపెనీ వాళ్ళ పాత ప్రోగ్రామును కొత్తగా మార్చే పని మా సహాయకుడికి ఇచ్చాం. బుద్ధిగా చేసింది. తల ఖాళీ అయిన ప్రతిసారీ జాబితా చూసుకుని మళ్ళీ దారిలో పడింది. చూస్తుంటే ముచ్చటేసింది నాకు. మా టీమ్ లీడ్ నితీష్ గారు పెద్దవాళ్ళందర్నీ పిలిచారు. పెద్ద తెర మీద జాబితా, ప్రతి పనికీ టిక్కు. "ఏదీ, ఒక టికెట్ తీయండి" అన్నారు ఒకాయన. తీశాం. ఇంకోటి తీశాం. రెండూ ఒకే సీటు.

"ఒకే సీటు ఇద్దరికి వెళ్ళకుండా పరీక్షించాలి" అనే పని పక్కన టిక్కు ఉంది పిన్నీ. పరీక్ష రాసింది, నడిపి చూడలేదు. రాయగానే అయిపోయిందనుకుని టిక్కు పెట్టేసింది. తర్వాత తల ఖాళీ అయింది, కొత్తగా లేచింది, తన టిక్కే చూసి తానే నమ్మింది. మరిచిపోయేవాడి చేతికి జాబితా ఇస్తే అందులో పడిన తప్పు కూడా చెక్కుచెదరకుండా ఉండిపోతుందని మాకెవరికీ తట్టలేదు.

నితీష్ గారు అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇంకో రెండు నెలలు చూద్దాం దీవెనా. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ జాబితా పని ఆపేస్తారు" అన్నారు. ఆపేస్తే నేనూ ఆగిపోయినట్టే. ఆ మాట ఆయన అనలేదు, నేను అనుకున్నాను.

సంధ్య మాత్రం హాస్టల్‌కి వచ్చాక నన్ను కడిగేసింది. "గా ఏఐ టిక్కు పెట్టిందని నువ్వు నమ్మినవ్. నువ్వు చెప్పినవని సార్ నమ్మిండు. ఎవ్వలన్న సీటు చూసిండ్రా? గిట్లుంటదా పని?" అంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి మిగిలి ఉంటే ఇద్దరం అదే తిన్నాం.

దీవెన


కె.పి.హెచ్.బి. కాలనీ
ఆగస్టు ఆఖరు

దీవెనా,

ఈసారి కూర మీ బాబాయి చేశారు. ఉప్పు సంగతి ఆయన్నే అడుగు. నాకు కాస్త నీరసంగా ఉంది, ఎండలు కదా.

ఆ ఏఐని తిట్టకమ్మా. అది అబద్ధం చెప్పి ఉండదు. పని అయిపోవచ్చిందని సంబరపడి, ఆగలేక టిక్కు పెట్టేసి ఉంటుంది, నాలాగే. నీకు దాని మీద కోపం వస్తే నా మీద వచ్చినట్టే అనుకుని క్షమించు.

ఉద్యోగం ఉన్నా పోయినా నీ మంచం ఇక్కడే ఉంది, దుప్పటి మార్చాను. ఎక్కువ రాయలేను, నడుము లాగుతోంది.

పిన్ని


మణికొండ
సెప్టెంబరు

పిన్నీ, నా బంగారు పిన్నీ,

"నాలాగే" అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయాను. మెట్రో మెట్ల మీదే కూర్చుని చదివాను. నువ్వు ఎంత సంబరపడ్డా, రూలు గట్టిగా పాటించి ఉంటే ఆ రోజు నా పేరు మీద గీత పడేది కాదు. మన చర్చి రూలులో తప్పేమీ లేదు. నువ్వే దాన్ని దాటేశావు. మా సహాయకుడికైతే దాటడానికి అసలు రూలే లేదు.

వెళ్ళి రూలు రాశాను. ఇకమీదట అది "అయింది" అంటే టిక్కు పడదు. సాక్ష్యం తేవాలి. పరీక్ష నడిపి, వచ్చిన ఫలితం ఆ పనికి జత చేయాలి. జాబితా ఆ పరీక్షను తనే ఇంకోసారి నడిపి చూసుకుంటుంది. సరిపోతేనే టిక్కు, లేకపోతే ఆ పని "మిగిలి ఉంది" అనే ఉంటుంది. ఎన్నిసార్లు తల ఖాళీ అయి లేచినా మిగిలినది మిగిలినట్టే కనబడుతుంది.

కోడ్‌లో ఆ ఫలితం పెట్టే గడికి పేరు "సాక్ష్యం" అనే పెట్టాను. "ఇదేం పేరమ్మా, మారుద్దాం" అన్నారు నితీష్ గారు. బస్సు టికెట్ల పని మళ్ళీ మొదటి నుంచి చేయించాం. ఈసారి సీట్ల పరీక్ష తప్పింది. టిక్కు పెట్టబోయి కుదరక, వెనక్కి వెళ్ళి తప్పు వెతుక్కుని దిద్దుకుని, అప్పుడు పెట్టింది. సంధ్య తనే కూర్చుని సీట్లన్నీ చూసి "ఇగ ఫికర్ లేదు సార్" అంది. ఆయన తెర మీద టిక్కు చూసి "పేరు ఉండనీ" అన్నారు.

ఇంకా పరీక్షలున్నాయి, నవంబరులో గాని తేలదు. అయినా చాలా కాలం తర్వాత కడుపు నిండా తిన్నాను.

అన్నట్టు, మొన్న ఎండలని రాశావు. ఆ వారమంతా వానలే కదా పిన్నీ! గొడుగు లేక నేను తడిసి ముద్దయ్యాను. ఒంట్లో ఎలా ఉంది? బాబాయిని అడిగితే లిఫ్టుల గురించి చెబుతున్నాడు.

దీవెన


కె.పి.హెచ్.బి. కాలనీ
సెప్టెంబరు ఆఖరు

దీవెనా,

ఉత్తరం చదివి ఎంత పొంగిపోయానో. ఎవరికీ చెప్పలేదు.

కొన్ని వారాలు క్యారియర్ రాదు. బాబాయికి డ్యూటీ మారింది. బయటి తిండి ఎక్కువ తినకు, పెరుగు మానకు.

పిన్ని


కూకట్‌పల్లి, ఆస్పత్రిలో నీ మంచం పక్కన
అక్టోబరు, ఆదివారం

పిన్నీ,

నువ్వు మగతలో ఉన్నావు. నిన్ను మాట్లాడించొద్దని నర్సమ్మ అంది. తిట్టాలని ఉంది, తిట్టడానికి లేదు. అందుకని రాస్తున్నాను.

డ్యూటీ మారిందని నువ్వు రాస్తే నేను నమ్మేశాను, నాకూ బుద్ధి లేదు. శుక్రవారం సంధ్య "గా బిల్డింగు మన పక్కనే గదా, పోయి చూద్దాం పా" అంటే వెళ్ళాం. బాబాయి అదే డ్యూటీలో, అదే లిఫ్టు పక్కన ఉన్నాడు. నన్ను చూసి "నేను చెప్పానని చెప్పకమ్మా" అన్నాడు. ఇంకా ఏమీ చెప్పకుండానే ఏడ్చేశాడు. గర్భసంచిలో గడ్డ ఉందని జులైలోనే తెలిసిందట. మర్నాడే ఆపరేషనట. తీసిన ముక్క పరీక్షకి పంపుతారట.

నిన్న నిన్ను లోపలికి తీసుకెళ్ళాక చాలా భయపడ్డాను పిన్నీ. జాబితా అన్నాను, చర్చి అన్నాను, నిన్నూ ఇంటినీ వదిలి వచ్చేశాను. నువ్వేమో నా పేరు రాసి, ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ రాసి, నీ పేరు ఎక్కడా రాసుకోలేదు. ఎవరికీ చెప్పొద్దని నేను వేయించుకున్న ఒట్టులో నీ జబ్బు కూడా కలిపేశావా? నాకు చెప్పాలి కదా. నాకు కూడా చెప్పకపోతే ఇంకెవరికి చెబుతావు?

ఈరోజు చర్చికి వెళ్ళాను. మనవుల జాబితా ఎవరు చదవాలో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. వాసంతి ఆంటీ తెచ్చి నా చేతిలో పెట్టి, "మీ పిన్ని బదులు నువ్వే చదువమ్మా" అంది. చదివాను. భూలక్ష్మి గారి మోకాలు చదివాను. కింద నా పేరు. నువ్వు చేసినట్టు మనసులో అనుకుని దిగిపోవచ్చు, ఎవరికీ తెలియదు. దిగలేదు. "దీవెన ఉద్యోగం కోసం" అని గట్టిగా చదివాను. ఎవరూ నవ్వలేదు పిన్నీ. అందరూ ప్రార్థనలో తలలు వంచారు, అంతే. ఇన్ని నెలలు నేను దేనికి పారిపోయానో నాకే అర్థం కాలేదు.

తర్వాత పెన్ను అడిగి కింద నీ పేరు రాశాను. చదవబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. అప్పుడు వెనక నుంచి భూలక్ష్మి గారు వచ్చారు. మైకంటే దడ అన్నావిడ, నా చేతిలోంచి మైకు తీసుకుని, "మన లీదియా కోసం" అని చదివారు.

రాత్రి మన ఇంట్లోనే పడుకున్నాను, దుప్పటి బాగుంది. క్యారియర్‌లో చారు, మెత్తటి అన్నం ఉన్నాయి. నేనే చేశాను. ఎలా ఉన్నా తిను, గిన్నె ఖాళీగా మాత్రం పంపకు.

నీ దీవెన


ఆస్పత్రి మంచం
అక్టోబరు

దీవెనా,

నర్సమ్మ దగ్గర పెన్సిల్ తీసుకుని రాస్తున్నాను, వంకర్లు చూసి బెంగపడకు. చారులో ఉప్పు లేదు. ఆపరేషన్ అయినవాళ్ళకి మంచిదని వేసి ఉండవు, ఎంత తెలివైనదానివో.

ఎందుకు చెప్పలేదంటే, మొదట భయపడ్డాను. పైకి అంటే నిజమైపోతుందేమోననిపించింది. తర్వాత నీ పరీక్షలు మొదలయ్యాయి. అయినా పేర్లు రాసే మనిషి తన పేరు ఎలా రాసుకుంటుంది చెప్పు? సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా అందరి నొప్పులూ మైకులో చదివిన దాన్ని, నా నొప్పి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. నీకు ఆ రోజు ఎలా అనిపించిందో ఇప్పుడు తెలిసింది తల్లీ.

ముక్క పరీక్ష రిపోర్టు ఇంకా రావాలి. మంచిదే వచ్చినా నా పేరు మీద నువ్వు గీత కొట్టకు. మీ బాబాయిని కొట్టనివ్వకు. ఎవరి సాక్ష్యం వాళ్ళే చెప్పాలి. నేను వచ్చి, నా కాళ్ళ మీద నిలబడి చెబుతాను.

నీ పేరు కింద నా పేరు రాశావని వాసంతి గారు చెప్పారు. అలాగే ఉండనీ.

పిన్ని


హైటెక్ సిటీ, ఆఫీసు క్యాంటీన్
నవంబరు

పిన్నీ,

సాయంత్రం ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను. నోటితో చెబితే నువ్వు కేక వేస్తావు, కుట్లు లాగుతాయి. అందుకే రాసి బాబాయితో ముందే పంపుతున్నాను. క్యారియర్ లోపల ఏముందో ఆయనకి తెలియదు. ఉత్తరం చదివేటప్పుడు దిండుకి ఆనుకుని కూర్చో.

పర్మనెంటు చేశారు. ఈసారి మాట కాదు, ఆఫరూ కాదు. సంతకాలైన కాగితం నా బ్యాగులో ఉంది. హెచ్.ఆర్. వాళ్ళకి ఫోన్ చేసి ఇంకోసారి అడిగాను, నవ్వారు. సంధ్య కూడా కళ్ళతో చూసి "అసలుదే" అంది. సహాయకుడి జాబితా అన్ని టీములకీ ఇస్తున్నారు, "సాక్ష్యం" గడితో సహా. మన కూకట్‌పల్లి చర్చి మాట వేరే ఊళ్ళ వాళ్ళ తెరల మీద కూడా కనబడుతుంది.

ఆగు, లేవకు.

రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు కూడా, నువ్వు కొట్టొద్దన్నావని నీ పేరు అలాగే ఉంచాను. నా పేరూ ఇప్పుడు అలాగే ఉంచుతాను. చర్చి మేడ మీద కదా, నువ్వు మెట్లెక్కొచ్చని డాక్టరమ్మ అనే దాకా ఆగుదాం. ఆ ఆదివారం ఇద్దరం సాక్ష్యం చెబుదాం.

అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదు. అమ్మకి నేనే చెబుతాను. వాసంతి ఆంటీకి వద్దు, బాబాయికి అసలే వద్దు, ఆయన లిఫ్టులో ఎక్కిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. నీకు కష్టమని తెలుసు. నాకోసం ఆగగలవా పిన్నీ?

దీవెన


కె.పి.హెచ్.బి. కాలనీ
నవంబరు, శుక్రవారం

దీవెనా,

మధ్యాహ్నం ఆఫీసులో క్యారియర్ తెరిస్తే ఇది కనబడుతుంది. రాత్రి నువ్వొచ్చేసరికి కళ్ళు మూసుకుని పడుకున్నానే, నిద్ర కాదు. నీ మొహం చూస్తే ఆగలేనని.

నిన్న మీ బాబాయి క్యారియర్ ఇచ్చి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి గోడవైపు తిరిగి ఉన్నాను. భుజాలు కదలడం చూసి "నొప్పా?" అన్నారు. "కాస్త" అన్నాను. వేణ్ణీళ్ళ సంచి తెచ్చి పెట్టారు, పాపం. వాసంతి గారు ఫోన్ చేసి "దీవెన సంగతి ఏమైనా తేలిందా అండీ?" అంటే "ప్రార్థన చేస్తూ ఉండండి" అన్నాను. అబద్ధం కాదు కదా? కూరగాయలమ్మాయి వచ్చింది, ఆ అమ్మాయికి కూడా చెప్పలేదు. పావుకిలో పచ్చిమిరపకాయలు అనవసరంగా కొన్నాను.

రొయ్యల వేపుడు కుర్చీలో కూర్చుని మీ బాబాయి చేత చేయించాను. "ఇవాళ విశేషమేంటి?" అన్నారు. "శుక్రవారం" అన్నాను.

నా జన్మలో సంతోషం వచ్చి ఇంతసేపు కూర్చున్నది లేదు దీవెనా. ఆ ఆదివారం ముందు నువ్వు లేవాలి. నువ్వు చెప్పడం పూర్తయ్యేదాకా నేను కూర్చునే ఉంటాను.

పిన్ని